దాసుడెవరు? ఒక బైబిలు పదం, రెండు భాషలు, వ్యాఖ్యాత బాధ్యత

చిత్తూరు నుంచి తిరుపతికీ, పీలేరు మీదుగా కడపకూ పోయే దారులు విడిపోయే చోట పూతలపట్టు ఉంది. ఆ ఊరి పేరు వినగానే సాహిత్య విద్యార్థికి కంబరామాయణాన్ని తెలుగు చేసిన పూతలపట్టు శ్రీరాములురెడ్డి గుర్తుకు వస్తారు. సంస్కృతంలోని వాల్మీకిని తమిళుడు తమిళంగా విన్నాడు. ఆ విన్నదానిని ఈ ఎల్లలోని కవి మళ్ళీ తెలుగుగా విన్నాడు. పవిత్రగ్రంథం ఒక భాష నుంచి మరొక భాషకు మారినప్పుడు అర్థానికి ఏమవుతుందన్న ప్రశ్న ఇక్కడివారికి కొత్తది కాదు. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు ఈ నేల ఉత్తర ఆర్కాటు జిల్లాలో భాగం. తమిళం, తెలుగు ఒకే సంతలో, ఒకే కచేరిలో, కొన్నిచోట్ల ఒకే ఇంట్లో కూడా వినిపించిన సీమ ఇది. 1853లో ఏర్పడిన అమెరికన్ ఆర్కాట్ మిషన్ కూడా ఈ రెండు భాషలలోనే పనిచేయవలసి వచ్చింది.

ఈ సీమలో క్రైస్తవ గ్రంథం రెండు భాషలలో వినబడుతుంది. తమిళ బైబిలు తరంగంబాడి నుంచి వచ్చిన వాఙ్మయధార. సీగెన్‌బాల్గ్ కొత్త నిబంధన 1715 నాటికి అచ్చయింది. ఫబ్రీసియస్, రేనియస్ వంటివారి చేతులలో మారుతూ 1871 నాటి ఐక్య అనువాదంగా స్థిరపడింది. తెలుగు బైబిలు చరిత్ర వేరు. బెంజమిన్ షుల్ట్జె 18వ శతాబ్దిలోనే మద్రాసులో చేసిన తెలుగు అనువాదం అచ్చుకు నోచుకోలేదు. విశాఖపట్నంలో లండన్ మిషన్ వారు ఆనందరాయర్ తోడ్పాటుతో మొదలుపెట్టిన పనిలో మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. ఆ తరువాతి అనువాదాలకు కూడా విశాఖపట్నం ముఖ్యకేంద్రంగా ఉంది. అంటే పూతలపట్టు ప్రాంతంలోని తెలుగు విశ్వాసి చేతిలోని గ్రంథపు భాష ఉత్తర కోస్తాలో రూపుదిద్దుకున్నది. పక్కనున్న తమిళ విశ్వాసి గ్రంథం కావేరీ ముఖద్వారం నుంచి వచ్చింది. ‘సిలువ’ అన్న మాట మాత్రం ఆ హద్దును దాటి తెలుగులోకి వచ్చింది. సిరియాక్ భాషలోని పదం తమిళంలో ‘శిలువై’ అయి, తమిళం మీదుగా మనకు దక్కింది.

ఈ రెండు గ్రంథాలనూ పక్కపక్కన పెట్టి చదివినప్పుడు ఒక పదం దగ్గర తేడా స్పష్టంగా కనబడుతుంది. గ్రీకు మూలంలో ‘దూలోస్’ అన్న పదం ఉన్నచోట తెలుగు అనువాదం దాదాపు అన్ని ముఖ్యసందర్భాలలోనూ ‘దాసుడు’ అంటుంది. పౌలు తనను తాను పరిచయం చేసుకునే రోమా పత్రిక ఆరంభంలో అతడు క్రీస్తు దాసుడు. ఫిలిప్పీ పత్రిక రెండవ అధ్యాయంలో క్రీస్తు ధరించినది దాసుని స్వరూపం. ఫిలేమోనుకు రాసిన ఉత్తరంలో ఒనేసిము దాసుడు. ఎఫెసు పత్రిక ఆరవ అధ్యాయంలో యజమానులకు లోబడుమని ఆజ్ఞ పొందేవారు దాసులు. తమిళ అనువాదం ఈ ఒక్క గ్రీకు పదాన్ని మూడుగా చీల్చింది. పౌలు ‘ఊళియక్కారన్’, అంటే ఊళియం చేసేవాడు. క్రీస్తు ధరించిన రూపం ‘అడిమై’ది, ఒనేసిము కూడా అడిమైయే. ఎఫెసు పత్రికలో ఆజ్ఞ పొందేవారు మాత్రం ‘వేలైక్కారర్’, అంటే పనివారు.

ఏది సరైన అనువాదం అని అడిగితే చర్చ తొందరగానే ముగిసిపోతుంది. తెలుగు మూలపదైక్యాన్ని నిలబెట్టింది. తమిళం సందర్భభేదాన్ని పాటించింది. అనువాదశాస్త్రం రెండింటికీ సమర్థన చూపగలదు. ఈ వ్యాసం అడిగే ప్రశ్న వేరు. ఒక పదం ఒక సంస్కృతి నుంచి మరొక సంస్కృతికి వచ్చేటప్పుడు దానిలోని గాయం మాయమై గౌరవం మిగిలితే, లేదా గౌరవం మాయమై గాయం మిగిలితే, దానికి వ్యాఖ్యాత ఎవరికి జవాబుదారి? మూలరచయితకా, తన శ్రోతకా, లేక ఆ పదం సూచించే స్థితిని ఒంటిమీద మోసినవారికా?

గౌరవం, గాయం

దాసశబ్దం భారతీయ భాషలలో రెండు జీవితాలు గడిపింది. అర్థశాస్త్రం మూడవ అధికరణంలో దాసకర్మకరుల గురించి ప్రత్యేక ప్రకరణమే ఉంది. అక్కడ దాసుడు అమ్మబడేవాడు, కుదువ పెట్టబడేవాడు. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయం దాసులను ఏడు రకాలుగా విభజిస్తుంది: యుద్ధంలో పట్టుబడినవాడు, అన్నానికి లొంగినవాడు, ఇంట పుట్టినవాడు, కొనబడినవాడు ఇలా. ఇది మొదటి జీవితం. రెండవ జీవితం భక్తిలో మొదలైంది. భాగవతం సప్తమస్కంధంలో ప్రహ్లాదుడు చెప్పిన నవవిధ భక్తులలో దాస్యం ఒకటి. శ్రీవైష్ణవంలో అది కేవలం ఒక భక్తిమార్గం కాదు, జీవుని స్వరూపమే. పరమాత్మకు శేషుడై ఉండటమే జీవుని నిజతత్త్వం. శ్రీవైష్ణవులు తమ పేర్ల చివర ‘రామానుజదాసుడు’ అని చేర్చుకోవడం వినయప్రదర్శన మాత్రమే కాదు, తాత్త్వికమైన ఆత్మపరిచయం కూడా. తిరుమల నీడలోని సీమకు ఈ అర్థం పుస్తకాల ద్వారా కాక వీధులలోనే అందింది. హరిదాసు, రామదాసు, దాసరి, దాసంగం వంటి మాటలన్నీ ఈ రెండవ జీవితానివే. క్రైస్తవులలోని ఏసుదాసు, దైవదాసు అన్న పేర్లు కూడా ఈ వరుసలోనివే. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివారి కీర్తనల ద్వారా తెలుగు క్రైస్తవ ఆరాధన భక్తికీర్తనల బాణీని, ఆత్మనివేదన వైఖరిని తనదిగా చేసుకున్న తరువాత, ‘దాసుడు’ అనగానే తెలుగు విశ్వాసి చెవికి వినిపించేది సంకెళ్ళ చప్పుడు కాదు, తాళాల చప్పుడు.

దీనిని అనువాదకుల పొరపాటు అని తోసివేయడం సులభం, కాని న్యాయం కాదు. దూలోస్ అన్న పదం కూడా ఇలాంటి ప్రయాణమే చేసింది. రోము సామ్రాజ్యంలో అది ఆస్తిగా లెక్కింపబడే మనిషికి పేరు. అయితే హెబ్రీ గ్రంథాన్ని గ్రీకులోకి తెచ్చినవారు ‘ఎబెద్’ అన్న పదానికి చాలాచోట్ల దూలోస్ అనే వాడారు. ఎబెద్ బానిసకూ చెల్లుతుంది, రాజోద్యోగికీ చెల్లుతుంది, యెహోవా ఎన్నుకున్న దావీదుకూ చెల్లుతుంది. కాబట్టి పౌలు తనను క్రీస్తు దూలోస్ అని చెప్పుకున్నప్పుడు అందులో అవమానంతో పాటు ప్రవక్తల వరుసలో నిలబడ్డ గర్వం కూడా ఉంది. మన దాసశబ్దంలోని ద్వంద్వం మూలంలోనూ ఉన్నదే. ఆ మాటకు వస్తే 1611 నాటి ఆంగ్ల రాజానువాదం దూలోస్‌ను ‘సేవకుడు’ అనే అర్థమిచ్చే మాటతో మెత్తబరిచింది. బానిస అనే అర్థమిచ్చే మాట ఆ గ్రంథమంతటిలో కనబడేది అత్యంత అరుదు. ఆంగ్లంతో పోలిస్తే తెలుగు అనువాదమే మూలానికి ఎక్కువ దగ్గరగా ఉందనవచ్చు.

తమిళంలోని ‘అడిమై’ కూడా ఏకార్థకం కాదు. అడి అంటే పాదం. పాదాన్ని ఆశ్రయించినవారు అడియార్లు. నాయన్మారుల చరిత్రలన్నీ అడియార్ల చరిత్రలే. వైష్ణవుడు పెద్దల ఎదుట తనను ‘అడియేన్’ అని చెప్పుకుంటాడు. అయినా వాడుక తమిళంలో అడిమై అన్న నామరూపం కట్టుబానిస అర్థానికే స్థిరపడింది. తమిళ ‘ఊళియం’, తెలుగు ‘ఊడిగం’ ఒకే మూలద్రావిడ పదానికి పిల్లలు. తమిళ క్రైస్తవులకు ఊళియం అంటే దైవసేవ, గౌరవప్రదమైన బాధ్యత. తెలుగులో ‘వాడి దగ్గర ఊడిగం చేస్తున్నాడు’ అంటే నింద. ఒకే తల్లి బిడ్డలైన రెండు పదాలలో ఒకటి గుడిలోకి, ఒకటి దొడ్డిలోకి వెళ్ళాయి. తెలుగు విశ్వాసులు అందుకే తమ సేవకు ‘పరిచర్య’ అన్న సంస్కృతపదాన్ని ఎంచుకున్నారనిపిస్తుంది.

ఇంకొక విషయం గమనార్హం. తెలుగులో ‘దాసుడు’ గౌరవాన్ని సంపాదించుకున్నా, భావనామమైన ‘దాస్యం’ మాత్రం బాధను వదిలిపెట్టలేదు. నవవిధ భక్తులలోని దాస్యాన్ని మినహాయిస్తే, జాతీయోద్యమ కాలపు దాస్యశృంఖలాలే తెలుగు పాఠకునికి గుర్తుకు వస్తాయి. నిర్గమకాండం ఐగుప్తును ‘దాసుల గృహం’ అన్నప్పుడు అక్కడి దాసుడు ఎవరో ఏ శ్రోతకూ సందేహం రాదు. పదం ఒక్కటే, ఒకచోట బరువు, మరొకచోట ఆభరణం.

పురుషభేదం

ఈ భేదం దేనివల్ల ఏర్పడుతున్నది? సందర్భంవల్ల అని చెప్పి ఊరుకుంటే చాలదు. సందర్భాలను వర్గీకరించి చూస్తే వ్యాకరణంలోని పురుషభేదం అర్థభేదాన్ని నియమిస్తున్నట్లు కనబడుతుంది. ‘నేను దాసుడను’ అన్న ఉత్తమపురుష ప్రయోగంలో దాసశబ్దం గౌరవార్థకం. చెప్పేవాడు దానిని ఎంచుకున్నాడు, కావాలంటే చెప్పకుండా ఉండగలడు. ‘అతడు దాసుడు’ అన్న ప్రథమపురుష ప్రయోగంలో అది స్థితిని తెలిపే మాట. ఆ స్థితిని ఎంచుకున్నాడా, అది అతనిపై మోపబడిందా అన్నది మాటలో లేదు. ‘దాసులారా’ అన్న మధ్యమపురుష సంబోధనలో అది ఆజ్ఞకు ముందుమాట. వినేవాడు ఎవరో చెప్పేవాడే నిర్ణయిస్తున్నాడు.

‘దాసోహం’ అన్న మాట ఇందుకు మంచి సాక్ష్యం. దాసః అహం, నేను దాసుడను. వీరశైవంలో అది పరమాదర్శం; పాల్కురికి సోమనాథుని బసవని లోకమంతా ఈ భావంమీద నిలిచి ఉంది. ఈనాటి పత్రికాభాషలో ‘ఫలానావారు డబ్బుకు దాసోహమన్నారు’ అంటే తిట్టు. వ్యాకరణరీత్యా లోపల ఉత్తమపురుష వాక్యమే ఉంది. దానిని మరొకరి నోట పెట్టి ప్రథమపురుషలో చెప్పగానే గౌరవం పోయి నింద మిగిలింది. పదంలోని అభిధ మారలేదు, వక్త మారాడు. ఆలంకారికులు వ్యంగ్యార్థానికి వక్తృవైశిష్ట్యం, బోద్ధవ్యవైశిష్ట్యం కారణాలని చెప్పింది కావ్యం గురించే అయినా, ఆ సూత్రం పవిత్రగ్రంథ వ్యాఖ్యానంలోనూ నిలుస్తుంది.

తమిళ అనువాదకులు చేసిన మూడు ముక్కల విభజన దాదాపుగా ఈ పురుషభేదాన్నే అనుసరించడం ఆశ్చర్యకరం. తన గురించి తాను చెప్పుకునే పౌలుకు ఒక మాట, ఇతరులు వర్ణించే ఒనేసిముకూ క్రీస్తుకూ ఒక మాట, ఆజ్ఞ పొందేవారికి ఒక మాట. దీనివల్ల లాభమూ ఉంది, నష్టమూ ఉంది. ఎఫెసు పత్రికలో ‘పనివారలారా’ అనడంవల్ల బానిసత్వాన్ని గ్రంథం ఆజ్ఞాపిస్తున్నదన్న భావన మాసిపోయింది. కాని ఆ ఆజ్ఞ పొలంలో కూలికి వచ్చే ప్రతివాని మీదికీ విస్తరించింది. బానిసత్వం చట్టరీత్యా పోయిన తరువాత కూడా ఆ వాక్యం పనిచేస్తూనే ఉంటుంది. తెలుగు ‘దాసులారా’ అన్నది కనీసం తనను ఎవరితో మాట్లాడుతున్నదో దాచలేదు.

తిరుపతి చెవితో ఫిలిప్పీ పత్రిక

ఫిలిప్పీ పత్రికలోని ప్రసిద్ధమైన భాగాన్ని తెలుగు అనువాదం చేసిన తీరు తాత్త్విక దృష్టితో చూస్తే అద్భుతమైనది. దేవుని ‘స్వరూపం’ కలవాడు దాసుని ‘స్వరూపం’ ధరించాడని చెప్పడానికి గ్రీకులోని ‘మోర్ఫే’ అన్న పదాన్ని రెండుచోట్లా స్వరూపమనే అనువదించారు. రూపం అంటే పైకి కనబడేది; స్వరూపం అంటే తత్త్వం. రామానుజ సంప్రదాయంలో పెరిగిన పాఠకుడు ఈ వాక్యాన్ని వింటే ఒక అపూర్వమైన అర్థం స్ఫురిస్తుంది. జీవుని స్వరూపమే దాసత్వం కదా. కాబట్టి ఈశ్వరుడు జీవస్వరూపాన్నే ధరించాడని తాత్పర్యం. పౌలు ఊహించని ఈ అర్థం పౌలు వాక్యానికి విరుద్ధం కాదు. అవతారతత్త్వం గురించి గ్రీకు తత్త్వభాష చెప్పడానికి ఇబ్బందిపడిన దానిని వేదాంతభాష సూటిగా చెప్పింది. సంస్కృతులు మారినప్పుడు అర్థం పోతుందనే భయమే ఎక్కువగా వింటుంటాం. ఇక్కడ అర్థం పెరిగింది. ఈ పెరుగుదలను అన్యసాంకర్యమని తోసివేసే వ్యాఖ్యాతలతో నేను ఏకీభవించను.

అయినా మీమాంసకులు తాత్పర్యనిర్ణయానికి చెప్పిన ఆరు లింగాలలో ‘అపూర్వత’ను ఈ భాగానికి అన్వయిస్తే లెక్క మారుతుంది. ప్రభువు సేవకుడయ్యాడన్నది మనకు కొత్త కాదు. పార్థుని రథం తోలినవాడు అందరికీ తెలుసు. ఈ భాగంలో అపూర్వమైనది వెంటనే వచ్చే సిలువ మరణం. రోము న్యాయవ్యవస్థలో సిలువ ప్రధానంగా బానిసలకూ తిరుగుబాటుదారులకూ విధించే శిక్ష; దానికి బానిసల శిక్ష అనే వ్యవహారం కూడా ఉండేది. ఫిలిప్పీ రోమీయుల వలసపట్టణం. అక్కడి శ్రోతలకు దూలోస్ అన్న మాటకూ సిలువ అన్న మాటకూ మధ్య సంబంధాన్ని ఎవరూ వివరించనక్కరలేదు. తమిళంలో ‘అడిమై’ వెంట సిలువ రాగానే ఆ సంబంధం కొంతైనా తగులుతుంది. తెలుగులో భక్తిగంధం నిండిన ‘దాసుడు’ వెంట సిలువ వస్తే రెండింటికీ నడుమ కారణం తెగిపోతుంది. దాసుని ఎందుకు చంపారు? ఏ హరిదాసును ఎవరు కొయ్యకు కొట్టారు? సిలువ ఒక అకారణమైన, మతపరమైన రహస్యంగా మాత్రమే మిగిలిపోతుంది.

తిరుపతి చెవి విన్న అర్థం అబద్ధం కాదు, అసంపూర్ణం. ఆ మిగిలిన భాగాన్ని వినగలిగినవారు ఈ సీమలోనే ఉన్నారు. వారు మాలపల్లెలోనూ మాదిగపల్లెలోనూ ఉన్నారు. ఆర్కాట్ మిషన్ మొదలుకొని ఇక్కడి గ్రామీణ సంఘాలలో ఎక్కువభాగం వారివే. 1843 నాటి ఐదవ చట్టం బానిసత్వానికి న్యాయస్థానాల గుర్తింపును తీసివేసినా, జీతగాడు, పాలేరు, వెట్టి అన్న మాటల వెనకనున్న జీవితం కొనసాగింది. కట్టుబానిసత్వాన్ని రద్దుచేస్తూ 1976లో మళ్ళీ చట్టం చేయవలసి వచ్చిందంటే అర్థమవుతున్నదే.

మాలదాసరి

మాలపల్లెకు దాసశబ్దం మిషనరీలు తెచ్చింది కాదు. మాలదాసరులు అన్న పేరే అందుకు నిదర్శనం. ఆముక్తమాల్యద ఆరవ ఆశ్వాసంలో శ్రీకృష్ణదేవరాయలు చెప్పిన మాలదాసరి కథ ఈ చర్చకు అత్యంత సన్నిహితమైనది. వరాహపురాణంలోని కైశికమాహాత్మ్యం, తమిళదేశంలో తిరుక్కురుంగుడి క్షేత్రంతో ముడిపడి నమ్బాడువాన్ కథగా ప్రసిద్ధమైనది, రాయల చేతిలో మాలదాసరి కథ అయింది. ‘మాకోసం పాడేవాడు’ అన్న అర్థమిచ్చే తమిళనామం పోయి, కులాన్నీ భక్తినీ ఒకే సమాసంలో బిగించిన తెలుగునామం వచ్చింది. ఇది సంస్కృతుల మధ్య జరిగిన వ్యాఖ్యానమే. ఆ పేరును మెచ్చుకోవాలో నొచ్చుకోవాలో అన్న విషయంలో విమర్శకులు ఒక్కమాటగా ఉండనక్కరలేదు.

కథలో బ్రహ్మరాక్షసుడు దాసరిని పట్టుకుంటాడు. దాసరి పాట ముగించి తిరిగి వస్తానని ప్రమాణం చేస్తాడు, వస్తాడు. చివరకు పూర్వజన్మలో బ్రాహ్మణుడైన ఆ రాక్షసుడే అతని పాట ఫలాన్ని యాచిస్తాడు. ఇక్కడ దాసత్వం ఎవరూ మోపినది కాదు. పాట అతనిది, మాట అతనిది, ఇవ్వడం ఇవ్వకపోవడం అతని చేతిలోది. మొదటినుంచి చివరిదాకా అతడు ఉత్తమపురుషలో మాట్లాడే దాసుడు. అయితే పాడేది దేవాలయం వెలుపల నిలబడి. దైవం ముందు దాసుడైనవాడు ఊరి ముందు మాలగానే ఉన్నాడు. ఆ రెండు దాసత్వాల మధ్య దూరాన్ని కావ్యం చూపుతుంది కాని చెరపదు. దైవదాస్యం మనుష్యదాస్యాన్ని రద్దుచేస్తుందా, లేక సహించడానికి ఓపికనిస్తుందా? పౌలు పత్రికల చుట్టూ రెండువేల ఏళ్ళుగా నడుస్తున్న వివాదం కూడా ఇదే.

ఆప్తుడెవరు?

అమెరికా నల్లజాతి వేదాంతి హోవర్డ్ థర్మన్ 1949లో ప్రకటించిన ‘జీసస్ అండ్ ది డిసిన్‌హెరిటెడ్’లో తన అమ్మమ్మ గురించి రాశారు. ఆమె బానిసగా పుట్టినది, చదువు రానిది. మనవడు బైబిలు చదివి వినిపించేవాడు. పౌలు పత్రికలను మాత్రం ఆమె చదవనిచ్చేది కాదు. అప్పుడప్పుడు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోని ప్రేమాధ్యాయానికి మాత్రం అనుమతి. కారణం అడిగితే చెప్పింది: యజమాని పిలిపించిన బోధకుడు బానిసలకు బోధించడానికి ఎప్పుడూ పౌలు మాటలే ఎంచుకునేవాడు, విధేయత గురించిన మాటలే. స్వేచ్ఛ వస్తే ఆ భాగాన్ని ఎన్నడూ చదవనని ఆమె అప్పుడే నిశ్చయించుకుంది. 1935–36లో భారతదేశ పర్యటనకు వచ్చి గాంధీని కలిసిన థర్మన్‌కు, అంటరానితనాన్ని గురించి ఇక్కడ వినబడిన మాటలు పరాయివిగా తోచి ఉండవు.

ఆర్కాట్ మిషన్ వారు బయలుదేరి వచ్చిన 1850ల అమెరికాలో, పారిపోయిన బానిసను తిరిగి అప్పగించడానికి ఫిలేమోను పత్రికనే ప్రమాణంగా చూపినవారు ఉన్నారు. అదే పత్రికను బానిసత్వానికి వ్యతిరేకంగా చదివినవారూ ఉన్నారు. ఒకే గ్రంథం, ఒకే భాష, ఒకే దేశం. సంస్కృతిభేదమంటే భాషల మధ్య, ఖండాల మధ్య మాత్రమే ఉండేదని అనుకోవడం ఎంత పాక్షికమో దీనివల్ల తెలుస్తుంది. పొలం గట్టుకు ఇటూ అటూ కూడా రెండు సంస్కృతులు ఉంటాయి.

థర్మన్ అమ్మమ్మ చేసినదానిని వ్యాఖ్యానం అనవచ్చునా? గ్రీకు తెలియదు, అక్షరం రాదు. ఎఫెసు పత్రిక పౌలు స్వహస్తరచనేనా అన్న పండితవివాదం ఆమె ఎరగదు. న్యాయదర్శనం శబ్దప్రమాణాన్ని ఆప్తోపదేశమన్నది. భాష్యకారుడు వాత్స్యాయనుడు ఆప్తుని లక్షణం చెబుతూ, విషయాన్ని సాక్షాత్తుగా ఎరిగి, ఎరిగినదాన్ని ఎరిగినట్లే చెప్పదలచినవాడు ఆప్తుడని, ఆ లక్షణం ఋషికీ ఆర్యునికీ మ్లేచ్ఛునికీ సమానమేనని అన్నాడు. ఈ దృష్టితో చూస్తే దూలోస్ పదం గ్రీకులో ఎక్కడెక్కడ ఉందో చెప్పడానికి పండితుడు ఆప్తుడు. ఆ పదం సూచించే స్థితి ఎలాంటిదో, ఆ వాక్యం ఆ స్థితిలో ఉన్నవానిమీద ఏమి చేస్తుందో చెప్పడానికి అతడు ఆప్తుడు కాడు. అక్కడ ఆమె ఆప్తురాలు. పండితుని సాక్ష్యాన్ని ఆమె సాక్ష్యం కొట్టివేయదు. ఆమె సాక్ష్యాన్ని పండితుని సాక్ష్యం కూడా కొట్టివేయలేదు. విషయాలు వేరు.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపం ఉంది. వక్తను బట్టి అర్థం మారుతుందంటే గ్రంథానికి స్వతంత్రమైన అర్థమే లేదని ఒప్పుకున్నట్లు కాదా? ఎవరి అనుభవం వారికి ప్రమాణమైతే వివాదానికి తీర్పు ఎక్కడ? ఈ ఆక్షేపం దళిత వేదాంతంలో నిజమైన రూపం తీసుకుంది. 1981లో బెంగుళూరు ఐక్య వేదాంత కళాశాలలో చేసిన ఉపన్యాసంతో ఆ చింతనకు బాటవేసిన అరవింద్ పి. నిర్మల్, దళితుల దేవుడు సేవకుడైన దేవుడని, సేవకత్వం ఆయనకు స్వధర్మమని ప్రతిపాదించారు. ఊడ్చేవాడు, మోసేవాడు, శుభ్రంచేసేవాడు చేసే పనిలోనే దైవలక్షణాన్ని చూశారు. దాస్యాన్ని దైవలక్షణం చేస్తే దాస్యవిముక్తి మాట ఏమిటన్న ప్రశ్న దానికి సహజంగానే ఎదురవుతుంది. నా అభిప్రాయంలో ఆ ప్రతిపాదన సత్యాసత్యాలకన్నా ముందు దాని పురుషాన్ని చూడాలి. ‘మేము చేసే పనిని మీరు నీచమన్నారు, మా దేవుడు అదే పని చేస్తాడు’ అన్నది ఉత్తమపురుషవాక్యం, అందులో ఎదురుతిరగడం ఉంది. ‘మీరు చేసే పని దేవుడు చేసే పనే, చేస్తూ ఉండండి’ అని మరొకరు వేదికమీదినుంచి చెబితే మాటలు అవే, వాక్యం వేరు. మొదటిదానిలో సత్యముంటే రెండవదానిలోనూ ఉంటుందన్న తర్కం, వాక్యాన్ని చర్యగా కాక కేవలం ప్రతిజ్ఞగా చూసే తర్కం. గ్రంథానికి అర్థం ఉంది. దానిని ఎవరు ఎవరికి చెప్పడానికి అర్హులన్న ప్రశ్న ఆ అర్థంలో కరిగిపోదు.

అయినా ఈ నియమం గుడ్డిది కాదు. మధ్యమపురుషలో చెప్పినదంతా పీడన కాదు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఏడవ అధ్యాయంలో పౌలు బానిసలైన విశ్వాసులతో నేరుగా మాట్లాడుతూ, స్వతంత్రుడవు కాగలిగితే ‘దానిని వినియోగించుకో’ అన్న అర్థంలో ముగిస్తాడు. దేనిని వినియోగించుకోవాలో గ్రీకులో కర్మపదం లేదు. స్వేచ్ఛనా, ఉన్న బానిసత్వాన్నేనా? నాలుగవ శతాబ్దిలో క్రిసోస్తొం వంటి మహావ్యాఖ్యాత బానిసత్వాన్నే వినియోగించుకొమ్మన్నాడని చదివాడు. తెలుగు, తమిళ అనువాదాలు రెండూ స్వేచ్ఛవైపే మొగ్గాయి. మూలం ఖాళీగా వదిలిన చోట అనువాదకుడు ఎవరి పక్షాన నిలబడ్డాడో బయటపడుతుంది. ఈ ఒక్కచోట మన అనువాదకులకు నమస్కరించవలసిందే.

ఒనేసిము

ఫిలేమోను పత్రిక కొత్త నిబంధనలోకెల్లా చిన్న ఉత్తరాలలో ఒకటి. ఒనేసిము అన్న పేరుకు ‘ప్రయోజనకరుడు’ అని అర్థం. బానిసలకు పెట్టే పేరు. ఒకప్పుడు నిష్ప్రయోజనుడు, ఇప్పుడు ప్రయోజనకరుడు అని పౌలు ఆ పేరుమీద శ్లేషించాడు. తెలుగులో పేరు పేరుగానే నిలిచి శ్లేష పోయింది. మనుషులకు వస్తువుల గుణాన్ని పేరుగా పెట్టే యజమాని సంస్కృతి ఆ శ్లేషతో పాటే తెరమరుగైంది.

ఆ పత్రికలోని కీలకవాక్యంలో పౌలు అతనిని ఇకమీదట దాసునిగా కాక, దాసునికంటె ఎక్కువవానిగా, ప్రియసహోదరునిగా చేర్చుకొమ్మంటాడు. తమిళంలో ‘అడిమైకి మేలైనవాడు’ అన్న భావం ఏ శ్రోతకూ అడ్డుతగలదు. తెలుగులో, అందులోనూ తిరుమల దారిలోని తెలుగులో, ఇది చిక్కువాక్యం. దాసునికంటె ఎక్కువవాడు ఎవడు? భక్తిలోకంలో దాసునికి పైమెట్టు దాసానుదాసుడే. అక్కడ ఎంత కిందికి దిగితే అంత ఎత్తు. సహోదరుడు దాసునికన్నా ఎక్కువ ఎలా అవుతాడు? భక్తిసంస్కారం కల పాఠకుడు ఈ వాక్యం దగ్గర ఆగి, తాను ఇంతదాకా పౌలు నోట, క్రీస్తు విషయంలో విన్న దాసశబ్దాన్ని మళ్ళీ మొదటినుంచి చదువుకోవలసి వస్తుంది. అంతవరకు కప్పి ఉన్న మొదటి అర్థాన్ని ఈ వాక్యం బయటికి లాగుతుంది. ఇక్కడ ‘బానిస’ అని మారిస్తే వాక్యం సుగమమవుతుంది. కాని రోమా, ఫిలిప్పీ పత్రికలతో ఉన్న ముడి తెగి, ఈ తడబాటు కూడా పోతుంది. తడబాటును ఉంచి, దానిని వివరించడమే వ్యాఖ్యాత పని అని నాకు తోస్తుంది. అచ్చులో మాట మార్చకుండానే, చదివేటప్పుడు ‘జీతగాడు’ అన్న స్థానికమైన మాటను పక్కన పెట్టి చూడమని శ్రోతకు చెప్పవచ్చు. అలా చెప్పగానే కొందరు ఇబ్బందిగా కదులుతారు, కొందరు తలెత్తి చూస్తారు.

ఆ ఉత్తరం ఫిలేమోనుకు మాత్రమే రాసింది కాదు. అతని ఇంట కూడుకునే సంఘానికి కూడా రాసింది. సంప్రదాయం చెప్పినట్లు ఒనేసిమే దానిని మోసుకొని వెళ్ళి ఉంటే, అందరి ముందూ చదువుతున్నప్పుడు అతడు అక్కడే నిలబడి ఉండాలి. అతని గురించి చాలా మాటలు ఉన్నాయి. తిరిగి రావడం అతనికి ఇష్టమో కాదో చెప్పే మాట లేదు. తనను గురించిన ఉత్తరంలో ఉత్తమపురుష లేని మనిషి అతడొక్కడే.